కిటికీ తెరిచిపెట్టుకో, పాపా

పోయిన వారం వాతావరణం వాళ్ళ హెచ్చరిక ఫోనుకు వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. వాయవ్యం నుంచి గట్టి గాలులు, దుమ్ము, ఆ తర్వాత ఉరుములతో వాన, అక్కడక్కడ వడగళ్ళు. ఎడారి వైపు చలి సున్నాకు దిగుతుందట, సౌదీ ఉత్తరాన మంచే కురుస్తుందట. కువైట్‌లో, మహబూలాలోని మా ఫ్లాటులో ఆరుగురం ఆడవాళ్ళం ఉంటాం. ఆరు ఫోన్లూ ఒకటే సారి మోగాయి. "ఎండకు చచ్చేది చాల్లేదని ఇప్పుడు మంచుకు గూడా చావాల్నా?" అని మా ఫ్లాటులో అందరికంటే చిన్నదైన లక్ష్మి నవ్వింది. ఒకామె పెట్టెలోంచి స్వెట్టర్లు తీసింది, ఇంకొకామె టేపు చుట్ట పట్టుకుని కిటికీ సందులు అంటించడానికి లేచింది. నేను మాత్రం కత్తి పక్కన పెట్టి ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. ఇలాంటి హెచ్చరిక వచ్చిన రోజు నాకు రాయచోటి నుంచి ఒక ఫోను వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క చలికాలం కూడా తప్పలేదు.

ఫోను చేసేది షమీమక్క. నేను కువైట్‌కు వచ్చిన కొత్తలో ఒకే ఇంట్లో కలిసి పనిచేశాం, ఆమె వంట, నేను పైపని. ఆమె తిరిగి వెళ్ళిపోయి చాలా కాలమైనా కువైట్ వాతావరణం మాత్రం నాకంటే ముందే చూసుకుంటుంది. "పాపా, చలంట గదా ఆడ. బొగ్గులు ఇంట్లోకి తేవద్దు. కిటికీ కొంచెం తెరిచిపెట్టుకో. నా మాదిరి మతిలేని పని చేయద్దు," అంటుంది. "సరే అక్కా," అంటాను నేను. ఆ 'నా మాదిరి' అనే మాట దగ్గర ప్రతిసారీ నేను మాట మార్చేస్తాను. కువైట్ బతుకుల మీద నేను రెండు పుస్తకాలు రాశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తారమ్మా అని చదివినవాళ్ళు మెచ్చుకుంటూ ఉంటారు. ఆ మెప్పును సిగ్గు లేకుండా తీసుకున్నాను. షమీమక్క సంగతి ఆ రెండు పుస్తకాల్లో ఒక్క పేజీలోనూ లేదు.

ఈసారి ఫోను కంటే ముందు ఆమె కూతురు వచ్చింది. రేష్మా ఇక్కడే, మా వీధికి రెండు వీధులవతల ఒక బ్యూటీ పార్లరులో పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, చెప్పులు విప్పకముందే ఏడుపు మొదలుపెట్టింది. రెండేళ్ళ కూతుర్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. ఇప్పుడు ఆ అత్తకు ఆపరేషను. "పాపను చూసుకోమని మా అమ్మ కాళ్ళా యేళ్ళా పడినా చిన్నమ్మా. నా చేతుల్ని నమ్మద్దు అంటాది. ఒకసారి మతి తప్పి నిప్పులు గదిలోకి తెచ్చుకున్నదాన్ని, బిడ్డను నా చేతికి ఇయ్యద్దు అంటాది. పొయ్యి ఆపి నాలుగు మాట్లు పోయి చూసొచ్చి పండుకుంటాది ఇప్పటికీ. అమ్మ ఒప్పుకోకుంటే నేను ఈడ ఉండే ఇఖామా పర్మిటు రద్దు చేసుకొని పోవాల్సిందే. నువ్వు చెప్తే ఇంటాది. నువ్వే గదా అమ్మ పానం కాపాడినావు. ఒక్క మాట చెప్పు."

నేను ఆ పిల్లకు నీళ్ళిచ్చాను. ఆ గ్లాసు పట్టుకున్న నా చెయ్యి చూసుకుని, ఇక తప్పించుకోవడం కుదరదని నాకు అర్థమైంది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. మేం పనిచేసిన ఇల్లు ముబారక్ అల్ కబీర్‌లో ఉండేది. రెండంతస్తులు, ముందు వాకిట్లో గచ్చు, ఒక పక్క మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే దివానియా గది, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన మా ఇద్దరికీ ఒక చిన్న గది. నేను వచ్చిన మొదటి నెల పగలంతా పని చేసి సందు దొరికినప్పుడల్లా ఏడ్చేదాన్ని. షమీమక్క బుజ్జగించలేదు. తన పెట్టె అడుగున రాయచోటి నుంచి తెచ్చుకున్న రాగిపిండి సంచి తీసి, మామా, ఇంటావిడను మేం అలాగే పిలిచేవాళ్ళం, పడుకున్నాక మధ్యాహ్నం వేళ ఇంత సంగటి కెలికి, పచ్చిమిరపకాయ నూరి నా ముందు పెట్టింది. "ఇది తిని ఏడువు, బలం వస్తాది," అంది. అలా ఎగతాళి చేస్తూనే నాకు అరబ్బీ నేర్పింది, మగవాళ్ళ పొడుగు అంగీలు, దిష్దాషాలు, మడత నలగకుండా ఇస్త్రీ చేయడం నేర్పింది, మామా కోపంగా ఉన్నప్పుడు ఏ గదిలో ఉండాలో ఏ గదిలో ఉండకూడదో కూడా నేర్పింది.

ఆ వంటింట్లో ఎండు నిమ్మకాయలు, ఏలకులు, వేయించిన ఉల్లిపాయలు కలిసిన వాసన ఎప్పుడూ ఉండేది. షమీమక్క గంటె కొలతలు, గ్లాసు కొలతలు ఎరగదు. అన్నీ అరచేతి కొలతలే. ఆమె వండిన మచ్బూస్ తినడానికి మామా అక్కచెల్లెళ్ళు పని కల్పించుకుని వచ్చేవాళ్ళు, మాంసం అన్నం ఎవరింట్లోనైనా వండుతారు కదా అని నేను మనసులో నవ్వుకునేదాన్ని. పొయ్యి ఆపిందో లేదో ఆమె ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి పోయి ఆపేసేది. "అక్కా, గ్యాసు?" అని నేను అడిగితే, "దాని సంగతి చేతికి తెలుసులే," అనేది.

రోజూ సాయంత్రం టీవీ వార్తల చివర వాతావరణం వచ్చేసరికి ఇంటాయన, మేం బాబా అనేవాళ్ళం, చెయ్యి పైకెత్తేవాడు. పిల్లలు కూడా గప్‌చుప్. నేను సరిగ్గా ఆ వేళకే చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వెళ్ళేదాన్ని. బర్ద్ అంటే చలి, మతర్ అంటే వాన, గుబార్ అంటే దుమ్ము. నా అరబ్బీ సగం టీవీలో ఆ వాతావరణ పటం ముందు నిలబడి నేర్చుకున్నదే. తర్వాత వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపును పటం చేసుకుని, గరిటెతో చూపిస్తూ ఆ వార్తలామె గొంతుతో షమీమక్కకు అంతా అప్పజెప్పేదాన్ని. ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది. "అదంతా ఎందుకులే తల్లీ, రేపు గుడ్డలు ఎండుతాయా ఎండవా, అది చెప్పు," అనేది. ఇప్పుడు గంటకోసారి ఫోనే చెబుతుంది, ఎవరికీ ఎవరూ వచ్చి చెప్పాల్సిన అవసరం లేదు. చెప్పేటప్పుడు మా ఇద్దరి మధ్య నడిచిన ఆ నవ్వు మాత్రం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం వార్తలామె మామూలు కంటే ఎక్కువసేపు మాట్లాడింది. గాలివాన, వడగళ్ళు, చాలా ఏళ్ళుగా చూడని చలి. నేను ఏదో నేనే తెప్పిస్తున్నంత గొప్పగా ఆ కబురు వంటింటికి మోసుకెళ్ళాను. ఆరోజు షమీమక్క నవ్వలేదు, ఆమెకు జ్వరం, దగ్గు. మర్నాడు, శుక్రవారం పొద్దున, మామా ఇంటి కిటికీలన్నిటికీ టేపు అంటించమంది. దుమ్ముగాలి వస్తుందంటే ఆ పని ఎప్పుడూ నాదే. ఇల్లంతా అయ్యాక మా గదికి వచ్చాను. మా కరెంటు హీటరు ఆ ఉదయమే పిల్లల గదిలోకి పోయింది. శనివారం మీకు ఇంకోటి కొంటానని మామా మాట ఇచ్చింది, ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఈలోగా షమీమక్కకు చలి తగలకూడదని మా కిటికీకి రెండు వరసలు టేపు వేశాను, అల్యూమినియం తలుపు జరిగే సందులో పాతగుడ్డలు కుక్కాను. ఆమె దుప్పట్లోంచి తల బయటపెట్టి, "పాపా, గాలాడేదానికి ఒక సందన్నా వదులే," అంది. "జొరం పెట్టుకొని గాలి కావల్నా నీకు? ఊరికే పండుకో," అని కసిరాను. ఇప్పుడు ఆమె ఫోనులో నాకు చెప్పే మాట, ఆరోజు ఆమె నన్ను బతిమాలిన మాటే.

నిప్పుల సంగతి చెప్పాలంటే మా అవ్వ సంగతి చెప్పాలి. మా పల్లెలో కాన్పు ఏ ఇంట్లో అయినా బాలింతను చూసుకునేది మా అవ్వే. బొగ్గులు బయట రాజేసి, పొగ పూర్తిగా పోయి ఎర్రగా అయ్యాక కుంపటిని లోపలికి తెచ్చి నులక మంచం కింద పెట్టేది, పైన ఇంత సాంబ్రాణి చల్లి తలుపు దగ్గరకు వేసేది. ఆ వెచ్చదనంలో బాలింతలూ బిడ్డలూ హాయిగా నిద్రపోయేవాళ్ళు. పొగ లేకపోతే నిప్పు మంచిదేనని నేను నేర్చుకున్నాను. అవ్వ కుంపటి పెట్టిన ఇళ్ళన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలేనని, గోడకూ కప్పుకూ మధ్య పిల్లి దూరేంత సందు ఉండేదని, నా పాటికి నేను టేపు అంటించిన గదికి అలాంటి సందు లేదని నా బుర్రకు తట్టలేదు. మామా ఇంట్లో బొగ్గులు వాకిలి దాటి లోపలికి రాకూడదని కట్టుదిట్టమైన ఆజ్ఞ ఉంది, వచ్చిన మొదటి రోజే షమీమక్క ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది. తివాచీలు కాలతాయని కాబోలు అనుకున్నాను. మా గదిలో తివాచీ ఎక్కడిది?

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దివానియాలో మగవాళ్ళు వెళ్ళిపోయారు. చాయ్ కెటిల్‌ను వేడిగా ఉంచే బొగ్గుల పళ్ళెం, దాన్ని ఇక్కడ దువ్వా అంటారు, వాకిట్లో ఇంకా ఎర్రగా ఉంది. నీళ్ళు చల్లి ఆర్పేయడం నా పని. ఆర్పలేదు. గుడ్డతో పట్టుకుని వెనక మెట్ల మీదుగా మా గదికి తీసుకెళ్ళి షమీమక్క మంచం పక్కన పెట్టాను, మామా ధూపం డబ్బాలోంచి దొంగతనంగా తెచ్చిన చిటికెడు లోబాను పైన వేశాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "మా అమ్మ కాడ పండుకున్నట్టుందే," అంది. ఆ మాటకు నేనెంత మురిసిపోయానో చెప్పలేను. తలుపు గట్టిగా లాగి మూసి కిందికి వచ్చాను.

అప్పటికే వడగళ్ళు మొదలయ్యాయి. గచ్చు మీద టపటపమని పడుతుంటే పిల్లలు కేకలు. ఎవరో బాబాకు ఫోను చేసి ఎడారంతా తెల్లగా పరుచుకుందని చెప్పారు. అంతే, ఇంటిల్లిపాదీ బయల్దేరారు. "యల్లా రమణా, పిల్లల్ని పట్టుకో!" అని మామా నన్నూ కారెక్కించింది. షమీమక్కకు ఒకసారి చెప్పి వస్తానని కూడా నేను అనలేదు, ఎక్కడ వదిలేసి పోతారోనని భయం. ఆ ఇసక మీద తెల్లదనం నా జన్మలో చూడలేదు. పిల్లలతో పాటు దొర్లాను, పిడికిళ్ళతో విసిరాను, నోట్లో వేసుకుని కరకరా నమిలాను. చలికి వణుకుతుంటే మామా తన శాలువా తీసి నా మీద వేసింది. నా కువైట్ జీవితంలో నేను ఒళ్ళు మరిచి సంతోషపడిన రోజు ఏదంటే ఆ రోజే, మార్చి చెప్పడానికి లేదు. చాయ్ ఫ్లాస్కు ఖాళీ చేసి, షమీమక్కకు చూపించాలని వడగళ్ళు నింపుకున్నాను. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

ఫ్లాస్కు పట్టుకుని మెట్లు ఎక్కుతూనే, "అక్కా, మంచు తెచ్చినా చూడు," అని అరిచాను. తలుపు తీస్తే ఆమె మంచం మీద లేదు. మంచానికీ తలుపుకూ మధ్య నేల మీద బోర్లా పడి ఉంది, ఒక చెయ్యి తలుపు వైపు చాచి. దువ్వాలో నిప్పులు ఇంకా కణకణమంటున్నాయి. నేను ఏ పుస్తకంలోనూ రాయనిది ఇదే. నేను మొదట పట్టుకున్నది ఆమెను కాదు, దువ్వాను. ఆమెను దాటుకుని వెళ్ళి, దాన్ని ఎత్తి, మళ్ళీ ఆమెను దాటుకుని వచ్చి నీళ్ళ ట్యాంకు వెనక పెట్టాను. గాలి కోసం తీశానని చెప్పుకుంటే నమ్మేవాళ్ళు ఉంటారు. గాలి కోసం తీసినవాళ్ళు ట్యాంకు వెనక దాచరు. ఆ తర్వాతే ఆమె రెండు చంకల కింద చేతులు పెట్టి బయటికి లాగి గొంతు పగిలేలా కేకలు వేశాను.

బొగ్గుల విషవాయువు అని ఆసుపత్రిలో చెప్పారు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. బాబా ట్యాంకు వెనక దువ్వా చూశాడు. లోపల ఉంటే నేనే బయట పెట్టానని చెప్పాను. అది అబద్ధం కాదు కదా, అందుకే తేలిగ్గా వచ్చింది. మామా నా భుజాలు రెండూ పట్టుకుని, "మినో యాబ్?" అంది, ఎవరు తెచ్చారు అని. "మాద్రీ మామా," అన్నాను. తెలియదన్నాను. ఎందుకలా అన్నానో ఏదైనా పెద్ద కారణం రాస్తే ఇవాళ నాకు కాస్త గౌరవంగా ఉంటుంది. అలాంటిదేమీ లేదు. ఇంటికి పంపించేస్తారని భయపడ్డాను, అంతే.

నాలుగు రోజులకు షమీమక్క తిరిగి వచ్చింది. ఆ శుక్రవారం పొద్దుటి నుంచి జరిగింది ఏదీ ఆమెకు గుర్తులేదు. టేపు గుర్తులేదు, సందు వదలమన్నది గుర్తులేదు, నిప్పులు ఎవరు పెట్టారో అసలు గుర్తులేదు. మామా అడిగితే ఆమె నా వైపు చూసింది. అనుమానంతో కాదు, తెలిసిన మనిషిని దారి అడిగినట్టు. "నేనేనా తెచ్చింది, పాపా?"

"నేను లేను గదక్కా. ఎడారికి పోయింటి గదా," అన్నాను.

"అయితే నేనే అయ్యుంటా. ఇంకెవరు తెస్తారు," అని తల వంచుకుని మామాకు క్షమాపణ చెప్పుకుంది. మామా ఏడ్చింది, ఏడుస్తూనే ఖలాస్, ఇక మీ ఊరికి పో అంది. చిన్నపిల్లలున్న ఇల్లు, ఆమె భయం ఆమెది. బయల్దేరే రోజు షమీమక్క నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకుని, "నువ్వు బయటికి లాగకుంటే నా బిడ్డ తల్లి లేనిదయ్యుండు," అంది. ఆ దండాన్ని కూడా నేను తీసుకున్నాను. ఆమె వెళ్ళిన మర్నాటి నుంచి వంట నాదైంది. ఆమె గరిటె, ఆమె పొయ్యి, మామా అక్కచెల్లెళ్ళ మెప్పులు, అన్నీ నావే అయ్యాయి. రాయచోటిలో ఆమెకు మిగిలింది కువైట్‌లో ఇల్లు కాల్చబోయి వచ్చిందన్న మాట. భర్త బతికినంత కాలం ఆ మాటతోనే పొడిచాడట. మళ్ళీ ఏ ఏజెంటూ ఆమెను పంపలేదు. అన్నిటికన్నా, తన చేతికి అన్నీ తెలుసన్న మనిషి తన చేతినే నమ్మడం మానేసింది. ఆ నష్టం ఇంత పెద్దదని రేష్మా చెప్పేదాకా నేను తెలుసుకోలేదు, తెలుసుకోవాలని అనుకోలేదు.

అందుకే మొన్నటి శుక్రవారం రేష్మాను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోను స్పీకరులో పెట్టి షమీమక్కతో మాట్లాడాను. "ఏం పాపా, నేనే చేద్దామనుకుంటాండా. చలంట గదా?" అని ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆమె మాటకు అడ్డంపడ్డాను. "అక్కా, ఆ పొద్దు దువ్వా గదిలోకి తెచ్చింది నేను. కిటికీకి టేపు ఏసింది నేను. నువ్వు సందు వదలమన్నావు, నేనే ఇనలేదు. నీకు ఏదీ గుర్తులేదని తెలిసి నీ మీదికి తోసేసినా. నీ చేతులు ఏ తప్పూ చేయలేదు."

అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగిపోయింది. తోముతున్నది ఆమే అని అప్పుడు అర్థమైంది. "అక్కా," అన్నాను. "మా ఇంటాయన సచ్చేదాకా అదే మాట అన్న్యాడు పాపా. నేను గూడా నిజమే అనుకుంటి," అంది. గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది. "ఫోను రేష్మాకియ్యి," అంది. తల్లీకూతుళ్ళు ఉర్దూలో రెండు ముక్కలు మాట్లాడుకున్నారు. రేష్మా ఫోను నా చేతికి ఇచ్చి, నా మొహం చూడకుండా చెప్పులు వేసుకుంది. ఆ పిల్ల కోసం పెట్టిన చాయ్ పొయ్యి మీద మరుగుతూనే ఉంది.

ఇవాళ హెచ్చరిక నిజమైంది. పొద్దున దుమ్ము లేచి ఎదురు బిల్డింగు కనబడకుండా పోయింది, మధ్యాహ్నానికి వాన, వానతో పాటు వడగళ్ళు. లక్ష్మి బాల్కనీలోకి పరిగెత్తి దోసిట్లో పట్టుకుని వచ్చి నాకు చూపించింది. నేను ముట్టుకోలేదు. కరెంటు హీటరు ముందు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫోను రాదని తెలుసు. రావాలని అడిగే హక్కు లేదనీ తెలుసు. అయినా ఎన్నో ఏళ్ళ అలవాటు, చెవులు అటే ఉన్నాయి.

సాయంత్రం ఫోను మోగింది. రేష్మా. "చిన్నమ్మా, అమ్మ చెప్పమనింది. కిటికీ కొంచెం తెరిచిపెట్టుకోవాలంట," అంది, పాఠం అప్పజెప్పినట్టు ముక్తసరిగా.

లేచి వెళ్ళి, మా వాళ్ళు అంటించిన టేపు చివర గోటితో పట్టి లాగాను. కిటికీ తెరిస్తే చలి మొహాన కొట్టింది. "తెరిచినా అని చెప్పు," అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "మీ అమ్మ నాతో మాట్లాడదంటనా, రేష్మా?"

"పొయ్యి కాడ ఉండాది చిన్నమ్మా. నా పాప చంకలో ఉండాది. చేతులు ఖాళీ లేవంట."